సముద్రం పద్దు

బీచ్ రోడ్డులో ఆ హోటలు, నాలుగో అంతస్తు,
రెండొందల కుర్చీల హాలు.
కొటేషన్ కాగితంలో తొమ్మిదో వరస:
సీ వ్యూ, ఇరవై రెండు వేలు.

వినీల్ పెన్ను ఆ వరస మీద ఆగలేదు.
సేల్స్ కుర్రాడు. మెడలో టై, టై కింద చెమట,
ఏసీ గదిలో.
నేను కాగితం బోర్లించి
మంచినీళ్ళు అడిగాను.

మా అమ్మ మైలపల్లి నూకరత్నం
ఇరవై ఏడేళ్ళు పూర్ణా మార్కెట్లో వంజరం అమ్మింది.
ధర విన్నాక, ధర చెప్పాక
నోరు మూసుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.
"ఒలే గుంటా, ముందు మాటాడినోడే తగ్గుతాడు.
నువ్వు గంప సర్దుకుంటా ఉండు."
నాకు గంప లేదు.
కళ్ళజోడు తుడుచుకున్నాను. రెండుసార్లు.

"ఎంతమంది మేడమ్?"
"నూట ఎనభై. లిఫ్టు మెకానిక్కులు.
ఇచ్ఛాపురం నుంచి తడ దాకా.
ఊళ్ళో తాళ్ళు తెగకుండా చూసేవాళ్ళు
ఏడాదికోసారి ఒకచోట కూర్చుని ఉప్మా తింటారు."
"ప్లేటు తొమ్మిదొందలు, టాక్సు వేరే."

గోడ మీది క్యాలెండర్ చూశాను.
జూలై మూడో వారం. ఆషాఢం.
పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు,
కొత్త కోడలు కూడా అత్తారింట ఉండని నెల.
ఆ హాలు నెల్లాళ్ళూ
తన కుర్చీలు తనే లెక్కపెట్టుకుంటుంది.

మధ్యాహ్నం రెండు దాటితే చేప కన్ను తెల్లబడుతుంది.
తారీఖు కూడా అంతే బాబూ,
ఐసులో పెట్టి రేపు అమ్మలేవు.
పద్దెనిమిదో తేదీ
పద్దెనిమిది రాత్రికే వాసనేస్తుంది.
ఇదంతా పైకి అనలేదు.
"ఆషాఢం కదా" అన్నాను, అంతే.

ప్లేటు ఏడొందల యాభై అయింది.
నేను జనరేటర్ అడిగాను.
అతను రెండో టీ ఇచ్చాడు.
మైకులు, పోడియం, వాకిట్లో బ్యానర్ కట్టే కూలీ
ఒక్కొక్కటే కొట్టించాను.
నూట ఎనభైకి గ్యారంటీ వద్దు, నూట యాభై రాయి,
ఆపైన ఎన్ని ప్లేట్లు లేస్తే అన్నిటికే.
ఫోన్ మోగింది. "సార్, సార్" అంటూ బయటికి నడిచాడు.

గాజు తలుపు అవతల అతని వీపు.
ఒక్క క్షణం
నేను కొనేదాన్నో అమ్మేదాన్నో మర్చిపోయాను.
గంపలో మిగిలిన మూడు చేపలతో
దీపాల వేళ అమ్మ ఇంటికొచ్చేది, ఇలాంటి వీపుతోనే.
ఇవాళ బేరం ఎవరు గెలిచారని
మేం అడిగేవాళ్ళం కాదు.

తిరిగొచ్చాడు. అయినా వదల్లేదు నేను.
"ప్రొజెక్టర్ వేస్తాం. తెరలన్నీ దించేస్తారు.
కనబడని సముద్రానికి ఇరవై రెండు వేలా?"
మొదటిసారి నవ్వాడు.
"సిస్టమ్‌లో ఉంది మేడమ్. తీయడం నా చేతిలో లేదు."

అప్పటిదాకా పలకని కర్రి అప్పలకొండ గారు,
సంఘం కార్యదర్శి, కుడిచేతికి రెండు వేళ్ళు లేవు,
మెల్లగా అన్నారు:
"బాబూ, మీ ఎడం వేపు లిఫ్టు
మూడో అంతస్తు కాడ గొణుగుతోంది.
వచ్చినప్పుడు గోడకి చెయ్యానించి విన్నాను.
రోలర్లు అరిగిపోనాయి.
మావోళ్ళు ముందురోజే దిగుతారు,
ఒక్క పూటలో మార్చేస్తారు."

వినీల్ మేనేజర్ని పిలిచాడు,
మేనేజర్ ఇంకెవర్నో.
నా మాటలన్నిటికీ దిగని ధర
ఆ మూడు వేళ్ళ చేతికి దిగింది.

పద్దెనిమిదిన, భోజనాల వేళ,
ఎవరో, తుని కుర్రాడనుకుంటా, తెర పక్కకి లాగాడు.
డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఒక ఓడ
వానలో తడుస్తూ నిలబడి ఉంది.
రోజంతా బావుల్లాంటి షాఫ్టుల్లో ఉండేవాళ్ళు
ప్లేట్లతో సహా కిటికీకి చేరారు.
"తెర వేసేయండర్రా" అన్నారు అప్పలకొండ గారు,
"దానికి డబ్బులు కట్టలేదు."
ఎవరూ వెయ్యలేదు.

ఇంటికెళ్తూ జాలారిపేట మలుపులో
వంజరం ఎంతని అడిగాను.
ధర చెప్పి ఆవిడ కత్తి కడుక్కుంటోంది,
తీరిగ్గా, అటూ ఇటూ తిప్పి.

ముందు నేనే మాట్లాడాను.