అద్దం వెనక కాగితం

ఊమెయోలో మార్చి నెల. మంచు ఇంకా
మెట్ల పక్కన మాసిపోయి కూర్చునుంది.
మూడో అంతస్తులో గున్వర్ గారి కంప్యూటర్
ఆమెకన్నా గట్టిగా ఆయాసపడుతోంది.

తెరిచినవి పదకొండు ట్యాబులు:
బస్సుల వేళలు, గళ్లనుడికట్టు, చేపల ధర,
ఎక్కడో చెరువు మీద ఒక కెమెరా,
అందులో చేపడేగ ఇంకా రాని ఖాళీ గూడు.
"ఏదీ మూయకమ్మాయ్," అంది,
"అన్నీ చూస్తూనే ఉంటాను."

పగలంతా నా పని ఇదే,
బ్రౌజర్ కడుపులోకి దిగడం.
ఒక్కో ట్యాబుకీ ఒక్కో గది.
ఒకదానికి నిప్పంటుకుంటే పక్కదానికి పాకకూడదని
గోడలు మేమే కట్టాం. మంచిదే.
కానీ ఏ ఫాంటు ఎక్కడుందో చెప్పే చిట్టాని
పదకొండు గదుల్లో పదకొండుసార్లు
మొదటినుంచి తిరగరాసుకుంటున్నారు.
పాడిందే పాట పాచిపళ్ల దాసరి.
మెమరీ నిండా అదే పాట.

మా భవనం నేలమాళిగలో
బట్టలుతుక్కునే గది. అందరిదీ.
వంతు తప్పితే చీటీల మీద యుద్ధం.
పాత కాపలాదారు రూనె నెలనెలా
నలభై తలుపుల సందుల్లో
నలభై కాపీలు తోసేవాడు.
తర్వాత ఎరిత్రియా నుంచి వచ్చిన హబ్తోమ్
ఒకే ఒక్క కాగితం రాసి, గోడకు బిగించి,
మీద అద్దం వేసి
తాళంచెవి జేబులో వేసుకున్నాడు.
చదవండి. గీకకండి.

తడి దుప్పట్లు చేతుల్లోనే ఉన్నాయి.
ఆ అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో.

మర్నాడు కోడ్‌లో అదే మొదలుపెట్టాను.
తల్లి ప్రాసెస్ ఒక్కతే రాస్తుంది.
రాయడం అయ్యాక ముద్ర వేస్తుంది.
ఆపైన రాసిన చెయ్యి కూడా
అందులో చుక్క దిద్దలేదు.
గదుల్లోకి వెళ్లేది కాగితం కాదు,
కాగితం కనబడే కిటికీ.

చెప్పడానికి నాలుగు ముక్కలు.
చేయడానికి ఐదు వారాలు.
ముద్ర పడకముందే తొంగిచూసిన ట్యాబు ఒకటి
సగం అక్షరాలు చదివి కుప్పకూలింది.
దాన్ని లేపితే ఇంకో గొడవ:
అందరూ వెళ్లిపోయినా
ఎవరూ వదలని మెమరీ.

రాత్రి రెండింటికి కిందికి దిగితే
ఖాళీ గదిలో లైటు వెలుగుతోంది.
ఆఖరున వెళ్లేది తనేనని
ఎవరికీ తెలియనప్పుడు
లైటు ఎవరు ఆర్పుతారు?

"లెక్కపెట్టు," అన్నాడు యోస్టా, తలెత్తకుండానే.
"వచ్చేవాళ్లని కలుపు, పోయేవాళ్లని తీసెయ్.
సున్నా అయిన క్షణాన ఆర్పు."
లెక్కపెట్టాను.
రెండుసార్లు తప్పాను.

ఏప్రిల్ ఆఖరులో పైకి వెళ్లి
కొత్త బ్రౌజర్ ఎక్కించాను.
ఫ్యాను గొంతు తగ్గింది.
గూటిలో చేపడేగ రెక్క విప్పడం
ముక్కలు ముక్కలుగా కాక
ఒక్క ఊపులో కనబడింది.
"ఏం చేశావే?"
"పదకొండు చోట్ల ఉన్నదాన్ని ఒకచోట పెట్టాను."
"అంతేనా," అని కాఫీ పోసింది గున్వర్.
ఇంకో ట్యాబు తెరిచింది.
ఆ పైన ఇంకోటి.

దిగి వస్తూ చూశాను.
కాగితాన్ని ముట్టుకోలేక
అద్దం మీద ఎవరో లిప్‌స్టిక్‌తో రాశారు:
నా ఎడమకాలి మేజోడు ఎక్కడ?