చుక్క లేని ఆరు

ఫర్నేసుల కాగి, నూనెల మునిగి లేచినంక
పన్ను గట్టిపడ్తది, జర వంకరపోతది.
వెంట్రుకల మూడో వంతు.
కంటికి కనపడది
లారీకి ఇనపడ్తది.

పోలేపల్లి షెడ్డుల నా మొదటి రాత్రి షిఫ్టు.
ఈదయ్య అన్నడు:
"గట్టిపడ్డదాన్ని కత్తితోని అడగొద్దు ముత్యాలూ,
దాని జోడీతోనే అడిగించాలె."

క్రౌను నిలబెట్టి పినియను ఎక్కించిండు.
అది నడిమికి ఎదురుగ రాదు
జర కిందికి జరిగి, పక్కకెల్లి
జారుకుంట వచ్చి పన్నుల పన్ను పెడ్తది.
మీదికెల్లి గరుకుపిండి కలిపిన నూనె
మా అమ్మ కాసే జొన్నంబలంత పలుచగ.

నాలుగు నిమిషాలు.
ఐదో నిమిషం ఆశ.
ఆశ పన్నును తింటది.

కడిగి, పసుపు రంగు పూసి తిప్పితే
చింతగింజంత మచ్చ
పన్ను నడుమ పడాలె.
మడిమె దిక్కు జరిగిందా
మన్ననూరు ఘాటెక్కంగ బండి ఏడుస్తది,
డ్రైవరు మన తాతల దాంక తిడ్తడు.

మచ్చ కుదిరితే రెండింటికీ ఒకటే నంబరు కొడ్తం.
ఇంక అవి వేరే ఎవ్వరికీ పనికిరావు.

ఒక ఎండకాలం ట్రాలీ పల్టీ కొట్టింది.
పద్నాలుగు జోడీలు నేలపాలు.
అన్ని దొరికినయి, రెండు పినియన్లు తప్ప:
అరవై ఆరు, తొంభై తొమ్మిది.
గుండ్రటి ఇనుముకు పైనేది, కిందేది?
మీటరు రెండింటికీ సరే అన్నది.
ఈదయ్యకు ఎడమ చెవి ఎన్నడో పోయింది.
కేసింగు మీద అరచెయ్యి పెట్టి
కండ్లు మూసి
"కాదు. మార్చు" అన్నడు.
మరుసటి దినంకెల్లి ఆరు కింద చుక్క పెట్టుడు మొదలైంది.

ఇప్పుడు పక్క బేల కొత్త గ్రైండింగు మిషను.
రాయి ఒక్కో పన్నును లెక్కప్రకారం చెక్కుతది.
ఏ పినియనైనా ఏ క్రౌనుకైనా కూసుంటది
నంబరు అక్కర్లేదు.
నేను మొకం మాడ్చుకుంటే ఆయననే నవ్విండు:
"మంచిదే గద. ఒక్కటి పగిలితే
రెండూ పారేసుడు తప్పుతది."
తర్వాత ఆ పన్నును యాసిడ్ల ముంచి చూపిచ్చిండు
రాయి తొందరపడ్డ కాడ
నల్లటి కాలిన మచ్చ.
"దీనికి గూడ ఓపిక నేర్పాలె."

నా టేబులు మీద కాగితాలకు బరువుగ
స్క్రాపుల దొరికిన పినియనొకటి ఉన్నది.
క్రౌను దేవరకొండ రోడ్డు మీద పగిలిందట.
దీని పన్ను మీద గీత గూడ లేదు.
తిప్పి తిప్పి చూస్త.
కింద చుక్క లేదు.