ఇతరములు

పద్నాలుగో ప్రశ్న దగ్గర
నాగుల్ మీరా గ్రైండరు ఆపాడు.
"ఈ ఆలోచన మీకు ఎక్కడి నుంచి వచ్చింది?"
విశ్వవిద్యాలయం, ప్రభుత్వ శిక్షణ, పుస్తకం, ఇతరములు.
టిక్కు పెట్టడానికి నాలుగు గళ్ళు.
బెజవాడ ఆటోనగర్ రేకుల షెడ్డు మీద
రోహిణి కార్తె కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఆలోచనేంటమ్మా,
మా ఆవిడ గుంటూరు కోల్డు స్టోరేజీలో మిరప తొడాలు తీసేది.
రాత్రిళ్ళు వేళ్ళు మండి నిద్రపట్టక
ఓ రోజు కొబ్బరినూనె గిన్నె నా మీదికి విసిరింది,
ఊరందరికీ మిషన్లు చేస్తావు, నాకో మిషను చెయ్యలేవా అని.
ఆ గిన్నె చప్పుడులోంచి వచ్చింది."

నేను ఇంగ్లీషులోకి మార్చాను.
ఆఫియా బోన్సు నవ్వలేదు, రాసుకుంది.
వాళ్ళది ఘనా, కుమాసీ.
అక్కడా ఇట్లాంటి గల్లీలే,
పాత లారీ కమాను పట్టీల్ని కత్తులుగా సాగదీసే మేనమామ
కొలిమి పక్కనే పెరిగానంది.
శుక్రవారం పుట్టింది గనక ఆఫియా.
ఆ మాటకి లేతు మీంచి తలెత్తాడు బ్రహ్మాచారి:
"మా నాయన సోమాచారి. సోమవారం పుట్టాడనే."
మా ప్రాజెక్టులో మొదటి గీత
అక్కడే పడిందనుకుంటాను.

నాకు ఫారానికి రెండొందల యాభై.
ఎమ్మే ఎకనామిక్సు చదివి ఆరేళ్ళు,
అభివృద్ధి అంటే పది మార్కుల వ్యాసం నాకు,
మూడు పేజీలు, చివర్లో ముగింపు.

"పని ఆగితే ఎవర్ని అడుగుతారు?" అంది ఆఫియా.
బేరింగుకి పటమట షాపాయన. షాఫ్టు వంకరైతే బ్రహ్మాచారి.
అప్పుకి, ఇంకెవరు, రోజువారీ ఫైనాన్సు సాంబిరెడ్డి.
మోటారు కాలితే కానూరు కుర్రాడొకడు,
పేరు తెలీదు, నెంబరుంది.
సున్నాలు చుట్టి గీతలు కలుపుతున్నాను,
కాగితం చాలక వెనక్కి తిప్పాను.
"ఎదురు షెడ్డు పిచ్చేశ్వర్రావుతో మూడేళ్ళుగా మాటల్లేవు.
కానీ మా కుర్రాడు వాడి కుర్రాణ్ణి అడుగుతాడు.
నాకు తెలీనట్టు ఉంటాను."
మాటల్లేని గీత ఎలా గీయాలి?
చుక్కలు పెట్టాను.
ఆఫియా వేలితో ఆ చుక్కల్ని తడిమి
"మా ఊళ్ళో ఇవే ఎక్కువ" అంది.

కరెంటు పోయింది. టీలొచ్చాయి.
ఆమె ఫోనులో మేనమామ గొంతు వినిపించింది,
ట్వీ భాషట, మొక్కజొన్న ఒలిచే మిషను గురించట.
నాగుల్ మీరా గ్లాసు కింద పెట్టాడు.
"ఇంకోసారి పెట్టమ్మా."
పెట్టింది.
"ఆయన మాట కాదు, ఎనకాల. ఎనకాల మిషను తిరుగుతుంది చూడు,
ఆ కిర్రు.
బుష్ అరిగింది. వారంలో షాఫ్టు తినేస్తది.
చెప్పు ఆయనకి."

నా తెలుగు ఆమె ఇంగ్లీషై, ఆమె ఇంగ్లీషు ట్వీ అయి
సముద్రాలు దాటి వెళ్ళింది ఒక బుష్ సంగతి.
మూడు భాషలు మోశాయి గానీ
అర్థమైంది మాత్రం ఆ కిర్రే.

అరవై మూడు ఫారాలు పూర్తయ్యాయి.
అరవై ఒక్కదాంట్లో పద్నాలుగో ప్రశ్నకి ఇతరములు.
మిగతా ఇద్దరూ, పాపం,
మేం చిన్నబుచ్చుకుంటామని విశ్వవిద్యాలయం అన్నారు.
ఆ గడి పక్కన ఖాళీ అర అంగుళం.
గిన్నె చప్పుడు పట్టదు అందులో,
చుక్కల గీత పట్టదు.

రెండోరోజు కుమాసీ నుంచి జవాబొచ్చింది.
కిర్రు లేదు.
నాగుల్ మీరా చెవి ఆనించి విని, సరే, అన్నట్టు తలూపి
మళ్ళీ గ్రైండరు అందుకోబోయి ఆగాడు.

"అన్నీ అడిగారు గానీ
ఆ మిషనుకి ఆయనకెంత మిగుల్తుందో అడగలేదే.
నాకు ఎనిమిది వేలు కూడా మిగలట్లా.
ఆయనకెంత?"

ఆఫియా ఫారం తిప్పి,
ఖాళీ చోటు వెతికి,
పెన్నుతో రాసింది:
ఇరవై మూడో ప్రశ్న.