ఏడో గడి

మొహర్రం, ఆషాఢం ఈ ఏడు
ఒక్క వారంలనే వచ్చి కూసున్నయి.
సోమారం ఘటం, బేస్తారం అలం.
ఊరేగింపులు రెండు, ఏనుగు ఒక్కటే.
అది గూడ మనది గాదు,
కర్ణాటక అడివి నుంచి లారీల రావాలె.

నేను ఠాణా రైటర్ను.
శాంతి కమిటీల ఎవరేమన్నరో
రిజిస్టర్ల ఎక్కించుడు నా పని.
ఫంక్షన్ హాలు నుంచి నలభై కుర్చీలు తెప్పిస్తే
ఇరవై రెండు నిండినయి.
చాయ్ మాత్రం అరవై కప్పులయింది.

ఏసీపీ సారు ముందే చెప్పిండు:
పాత సంగతులు తియ్యొద్దు.
తియ్యొద్దన్నంక అందరికీ అవే యాదికొచ్చినయి.
తురాబ్ అలీ సాబ్ కిటికీ దిక్కు చూసిండు.
గౌలిపుర శివలింగం మోకాలు రుద్దుకున్నడు,
ఆ మోకాలికి ఒక కర్ఫ్యూ తారీఖుంది.

అటవీ శాఖ ఉత్తరం చదివిన.
పశువుల డాక్టరు సర్టిఫికెట్ చదివిన.
ఫారంల ఏడో గడి కాడ ఆగిపోయిన:
"జంతువును వినియోగించు మతము.
ఏదేని ఒకటి మాత్రమే వ్రాయవలెను."

ఘటం రాస్తే అలం ఎట్ల కదులుతది?
అలం రాస్తే ఘటం ఎవరు మోస్తరు?
సెక్షన్ క్లర్కుకు ఫోన్ కొట్టిన.
"రెండు ఫారాలు పెట్టుండ్రి" అన్నడు.
"మరి రెండో ఏనుగు?" అన్న.
ఫోన్ పెట్టేసిండు.

సమితి తరఫున వసుంధర మేడం
సామరస్యం మీద ఎనిమిది పేజీలు తెచ్చింది.
మంచి మాటలే, తప్పు పట్టేదేం లేదు.
మూడో పేజీల కరెంటు పోయింది.

చీకట్ల ఎవరిదో గొంతు:
"నడుమ మూడు రాత్రులు
దాన్ని యాడ కట్టేస్తరు?"

ఎజెండాల లేని ముచ్చట.

"నా ఇటుకల అడ్డాల," అన్నది సాలెహా బీ,
"బోరుంది, రేకుల నీడుంది."
"చెరుకు నాది," అన్నడు రసం బండ్ల మహావీర్.
"మావటికి కన్నడం తప్ప రాదు, నేనొస్త,"
అన్నది బీదర్ నుంచొచ్చి
ముప్పై ఏండ్లుగా ఇడ్లీ అమ్మే గంగవ్వ.
కిరాయి మాట ఎవ్వరూ ఎత్తలే.

తురాబ్ సాబ్ గొంతు సవరించుకున్నడు:
"మాది మాతం. ఆ రోజు రంగులుండొద్దు.
ఘటం నాటి పసుపు, కుంకుమ, బొమ్మలు..."
వాక్యం సగంల విడిచిపెట్టిండు.
ఫ్యాను లేని గదిల చెమట చప్పుడు గూడ వినొస్తది.

శివలింగం అన్నడు:
"పూసేది మేమే గద సాబ్.
కడిగేది గూడ మేమే."

కరెంటొచ్చింది. నేను రాసిన:
"బారికేడ్లు ఇరువది. కెమెరాలు పదునాలుగు.
సభ ప్రశాంతముగా ముగిసినది."

సర్కారు ఏం చెయ్యలేదని నేననను.
కిందికి జారిన వైర్లెత్తింది మన లైన్మనే,
తెల్లందాక నిలబడి కాళ్లు వాచింది మా హోంగార్డులకే,
లారీ డీజిల్ బిల్లు ఇంక నా టేబుల్ మీదనే ఉంది.

కానీ మంగళారం రాత్రి డ్యూటీకి పోత
అడ్డా కాడ బండి ఆపిన.
శివలింగం, ఇద్దరు కొడుకులు, కొబ్బరి పీచు, సబ్బు.
పైపు పట్టుకున్నది సాలెహా బీ మనుమడు,
ఏనుగును తక్కువ, కొడుకులను ఎక్కువ తడుపుతున్నడు.
మావటి మాస్తి ఏదో తిట్టిండు,
గంగవ్వ దాన్ని తర్జుమా చెయ్యలే.
పచ్చటి నీళ్లు ఇటుకల సందుల్లకు పోయినయి.

బేస్తారం నాడు నల్లబట్ట కప్పుకొని
ఏనుగు గల్లీల అడుగు పెట్టింది.
కుడి చెవి ఎనక, మడతల,
బొటనవేలంత పసుపు మిగిలింది.
నేను చూసిన.
తురాబ్ సాబ్ గూడ చూసిండు.
బట్ట అంచు జర కిందికి గుంజి
ముందుకు నడిచిండు.

మొన్న ఆడిట్ వాళ్ల కాగితమొచ్చింది:
ఏడో గడి ఖాళీగా ఉన్నది, కారణము తెలుపగలరు.
వారం రోజులాయె,
పెన్ను మూత తీస్తున్న, పెడుతున్న.