లోపలి గదా, బాల్కనీ గదా

గడియారం స్తంభం కాడ, రెండో అంతస్తు.
బోర్డు మీద సగం మక్కా, సగం కాశి.
"నార్వేకని నల్లగొండల అడిగినోళ్లు
మీరే మొదలు, మేడమ్" అన్నడు వహీద్,
చాయ్ తెప్పించి, ఫ్యాను మా దిక్కు తిప్పి.

గోడకు ఓడ బొమ్మ.
వీరేశం కింది నుంచి అంతస్తులు లెక్కవెట్టిండు:
ఒకటి, రెండు, మూడు...
ఆరు కాడ మెడ ఆగిపోయింది.
మిగిలినయి నేను లెక్కవెట్టి చెప్పిన. పదమూడు.

లైన్‌మన్‌ గద.
మర్రిగూడ, నాంపల్లి కరెంటు స్తంభాలన్నీ
ఆయన మోకాళ్లకు ఎరుక.
గాలివాన రాత్రి టార్చి కొట్టి
తీగ యాడ తెగిందో కిందనుంచే పట్టేటోడు.
ఇప్పుడాయనకు ఆకాశమంటే
వాన నిలిచిన గుంత.

నాదేమో నీళ్ల ల్యాబు.
ఊరి పేరు రాసిన సీసాలు, వరుసగ.
మందు చుక్క ఏస్తే గులాబీ రంగు,
అది పసుపుకు తిరిగిందంటే రిజిస్టర్ల ఎక్కియ్యాలె.
మా అత్తగారి బోరుకు ఐదున్నర అని
ఈ చేతితోనే రాసిన, పెండ్లయిన కొత్తల.
అప్పటికే ఆయన ఇరవై ఆరేండ్లు తాగిండు.
రాసిన అంకె గిప్పుడు
నా పక్కనే పండుకొని మూలుగుతది,
తెల్లారగట్ల, సలికాలం ఎక్కువ.

అందరు అడుగుతున్నరు: ఏమి పిచ్చి?
మోకాళ్లకు సలి పడదు గద, మంచు కాడికి పోవుడేంది?
నాకు తెల్వదు.
నీళ్లు అట్ల గట్టిగ నిలబడి
కొండ మీద ఊకుంటయంటే
ఒక్కపారి ఎదురుంగ కూసోవాలనిపించింది,
సీసా లేకుంట.

ఉన్ని సాక్సులు ఆరు జతలు.
కక్కుడు మాత్రలు. శొంఠి.
పాస్‌పోర్టు ఫొటోకు గడ్డం పైకెత్తాలన్నడట స్టూడియో పిలగాడు,
గంటసేపు ఎత్తిండు మా ఆయన.
ఇంకోటి, అక్కడ రాత్రి పదకొండైనా పొద్దు గూకదట.
"మరి రాత్రి మాత్ర ఎప్పుడేసుకోవాలె?"
వహీద్ దగ్గర జవాబు లేదు.

ఆఖరికి గది కాడ ఆగినం.
లోపలి గదికి కిటికీ ఉండదు, సస్త.
బాల్కనీ అంటే ఇద్దరికి లక్షా పదివేలు ఎక్కువ.
వహీద్ మా ఆయన మెడ దిక్కు చూసిండు,
చూడనట్టు కీబోర్డు దిక్కు తిరిగిండు.
నేను "లోపలిదే" అనబోతున్న.

అప్పుడొచ్చింది తెర మీదికి ఇంకో ఫొటో.
రెండు కొండల నడుమ సొచ్చిన సముద్రం,
అద్దం లెక్క. అల లేదు.
కొండ తలకిందులుగ దాంట్లున్నది,
మంచు అడుగున,
జలపాతం కింది నుంచి పైకి పారుతున్నది.

"ఆగు," అన్నడు వీరేశం.
"గీ కొండ నాకు అందుతది.
పైది నువ్వు చూడు."

బాల్కనీ అని రాసిచ్చిన.
గ్రాట్యుటీల మిగిలింది అడ్వాన్సుకు సరిపోయింది.
చెక్కు ఇచ్చేముందు ఒక్కటే అడిగిన:
ఓడల తాగే నీళ్లు యాడియి?
"సముద్రం నీళ్లనే మంచిగ చేస్తరట, మేడమ్."
ఫ్లోరైడు ఎంత?
టకటక కొట్టి చూసిండు పిలగాడు, దొరకలే.
"కంపెనీకి రాయి బిడ్డా.
ఒకటిన్నర దాటితే నేను రాను."
నవ్విండు. నేను నవ్వలే.
రాసిండు.

మెట్లు దిగేసరికి వాన వెలిసింది.
రోడ్డు గుంతల గడియారం స్తంభం పడ్డది.
కట్టె ఆనించి వంగి చూసి
"ఏడుంబావు" అన్నడు మా ఆయన.
నేను పైకి చూసిన: పావుతక్కువ ఐదు.
"ఏడుంబావే," అన్నడు మళ్ల,
"ఇంకా ఎంత ఎల్గున్నదో చూడు,
అచ్చం మనం పోయే ఊరి లెక్క."
ఆటో అతను హారన్ కొడుతున్నడు.
మేమింకా గుంత కాడనే ఉన్నం.