ఇరవై గ్లాసులు

ఆదివారం ఆదివారం
ఆదోని నుంచి అనంతపురానికి
నేనూ, నాలుగున్నర నెలల మా పాపా.
వాళ్ళమ్మ ఆడ పోలీసు ట్రైనింగులో ఉంది.
పదకొండు నుంచి రెండు దాకా
గేటు కాడికి వదుల్తారు.
మూడో వారానికే పాలింకిపోయినాయని
ఫోన్లో చెప్పింది,
హాజరు పట్టీ చదివినట్టు.

అప్పట్నుంచి నా సంచిలో
రెండు సీసాలు, ఉడకేసి, ఉతికిన పంచెగుడ్డలో చుట్టినవి.
ఉడుకునీళ్ళ ఫ్లాస్కు.
చెంచాలు లెక్కబెట్టి పొట్లాలు కట్టిన పాలపొడి.
నర్సు ఎస్తేరమ్మ నేర్పించిన చదువు ఇది:
"బుడగలు లేచినంక పది నిమిషాలు.
గడియారం చూడు నాయనా,
పాప మొగం చూడొద్దు.
చూసినావంటే ఆరు నిమిషాలకే దించుతావు."

ఆలూరు దాటేసరికి ఒక సీసా అయిపోయింది.
చిప్పగిరి కాడ మేకలమందకు
డ్రైవరు బ్రేకేసినాడు.
రెండో సీసా మూత తీస్తా ఉన్నా,
నిపిలు జారి కింద పడింది.
కింద శనక్కాయ పొట్టు, చింపిన టికెట్లు,
ఎవరి చెప్పులకో అంటుకొచ్చిన నల్లరేగడి.

పక్కసీటు పెద్దమ్మ నవ్వింది.
"కొంగుతో తుడిచి పెట్టప్పా.
మా పిల్లోల్లు మన్ను తినే పెరిగినారు."
ఎంతమంది పెరిగినారు పెద్దమ్మా అని
అడగబోయి ఊరుకున్నా.
ఎందుకో ఆమె కూడా
కిటికీ దిక్కు తిరిగింది.

గుంతకల్లు బస్టాండు.
కుళ్ళాయప్ప టీ అంగడి.
ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద డికాషను.
"సీసా ఉడకేసుకోవల్లన్నా. పది నిమిషాలు."
నన్ను చూసినాడు, పాపను చూసినాడు,
క్యూలో నిలబడిన హమాలీలను చూసినాడు.
"పది నిమిషాలంటే ఇరవై టీలు" అన్నాడు.
అంటానే డికాషను దించి
ఇంకో గిన్నెలో నీళ్ళు పోసినాడు.
"అల్లం కాంచే గిన్నె ఇది. వాసన పోదు. నీ ఇష్టం."

గోడ గడియారం రెండూ ఇరవై కాడ
ఎప్పుడో నిలిచిపోయింది.
నా ఫోను ఆలూరులోనే చచ్చిపోయింది.
బుడగలు లేచినాయి.
పాలపొయ్యి టీలు మాత్రం నడుస్తా ఉండాయి.
ఇరవై అన్నాడు గదా.
గ్లాసులు లెక్కబెట్టడం మొదలుపెట్టినా.

ఒకటి. రెండు.
పాప ఏడుపు అనౌన్సుమెంటు మైకును మించింది.
ఐదు.
మొగం చూడొద్దు.
మెడ కింద చెమట తుడిచినా, మొగం చూళ్ళే.
ఏడో గ్లాసుకు కండక్టరు ఈలేసినాడు.
"ఏమప్పా, వస్తావా రావా?"
తొమ్మిది.
చెయ్యి ఊపినా, పొమ్మని.
సంచి నా భుజానే ఉంది,
ఫ్లాస్కు మాత్రం సీటు మీద!

బస్సు కదిలింది.
ఊచల సందులోంచి పెద్దమ్మ చెయ్యి బయటికొచ్చింది,
చేతిలో ఫ్లాస్కు.
పరిగెత్తి అందుకున్నా.
ఏందో తిట్టింది. ఇంజను మోతలో వినపళ్ళే.
మళ్ళొచ్చేసరికి
ఎన్నో గ్లాసో మర్చిపోయినా.
"పన్నెండు" అన్నాడు కుళ్ళాయప్ప,
తలెత్తకుండా.

ఇరవై.
ఆయనే పట్టుకారుతో తీసినాడు,
ఎవరి వేలూ తగలనీకుండా.
పొట్లం విప్పి, నీళ్ళు కలిపి,
మణికట్టు మీద ఒక చుక్క.
కాలలేదు.
నోటికిచ్చినా.
బస్టాండంతా గమ్మునైపోయింది.
లేదులే, బస్టాండు అరుస్తానే ఉంది,
గమ్మునైంది నేనే.

"రెండు టీల గ్యాసు. ఇరవై రూపాయలు."
ఇచ్చినా.
టీ ఇస్తాననలేదు ఆయన,
నేనూ అడగలే.

ఇంకో బస్సు గంటంబావుకు.
గేటు కాడికి చేరేసరికి
మిగిలింది గంటన్నర.
పొట్టిగా కత్తిరించిన జుట్టుతో
ఆమె పరిగెత్తుకుంటా వచ్చింది,
బూట్ల చప్పుడుకు పాప ఉలిక్కిపడింది.
ఎత్తుకొని, మూతి కాడ మూతి పెట్టి,
వాసన చూసి,
నా దిక్కు కళ్ళెర్రజేసింది:
"టీ తాపించినావా దీనికి?"

"ఇరవై గ్లాసులు" అన్నా.