నొప్పుల రూటు

నా ఆటో ఎక్కేవాళ్లు ఊరి పేరు చెప్పరు,
నొప్పి పేరు చెప్తారు.
చక్కెరంటే రాయదుర్గం.
దగ్గంటే కళ్యాణదుర్గం, కళ్లె డబ్బీ కొంగున ముడేసుకోని.
కండ్లంటే అనంతపురం, కోడి కూయకముందే రోడ్డెక్కల్ల.
మోకాళ్లంటే యాడికీ లేదు.
నలభై ఏండ్లు బోరునీళ్లు తాగి వంగిపోయిన ఎముకలకు
ఇంగా ఏ టౌనూ బోర్డు కట్టలే.

కుందుర్పి దాటినాక మా పల్లె.
దాటినాక అంటే, దాటినాక శానా దూరం.
మోరీ తెగిన కాడ అందరూ దిగి నడస్తారు,
తిప్పక్క మాత్రం దిగదు.
దిగితే మళ్లా ఎక్కలేదని నాకూ తెలుసు, ఆటోకూ తెలుసు.

ఆమెకు అన్నీ ఉండాయి.
చక్కెర, దగ్గు, పొరగట్టిన కన్ను,
రాత్రిళ్లు ఊరికే ఏడుపొచ్చే ఇంగొకటి, దానికి చీటీ లేదు.
ఉన్న చీట్లు మూడు, మూడు సంచుల్లో,
ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు.
రాయదుర్గం డాక్టరు అన్నం తగ్గించమనె.
కళ్యాణదుర్గం డాక్టరు బాగా తినమనె.
ఇద్దరి మాటా కాదనలేక
ఒక పూట తిని ఒక పూట మానుకునె.

"మారెన్నా," అనింది ఒకపొద్దు, అద్దంలో నా కండ్లు చూస్తా,
"మొన్న రొమ్మును తీస్కపోతివి,
ఈ పొద్దు కండ్లను తీస్కపోతాండావు,
ఇంట్లో మిగిలినదాన్ని ఎవరు చూసుకుంటాండారురా?"
నేను నగినా.
గేరు మారినాక నగలేకపోయినా.

పోనూ రానూ నేను తీసుకునేది నూటరవై.
దినమంతా కాయలొలిస్తే ఆమెకొచ్చేది నూటిరవై.
ఈ లెక్క నాకు రాదని కాదు.
చక్కెరకు పోయిన నెల దగ్గుకు పోలేకపోయె.
దగ్గు మాత్రలు అయిపోయె, దగ్గు అయిపోలే.
ఈసారికి దుడ్లొద్దులే అక్కా అనుంటే సరిపోవు.
అన్లే.
ఫైనాన్సోడు ప్రతి ఐదో తారీకూ వస్తాడు.

ఇదంతా చూస్తా ఉండె వన్నూరమ్మ.
ఆశా వర్కరు. జీతమొచ్చేదాకా నాదీ ఆశే అంటాది.
ఆఫీసులకు తిరిగె, తిప్పిరి, మళ్లా తిరిగె.
మీటింగులో లేచి ఒక్క మాటే అడిగిందంట:
"మనిషి ముక్కలుగా పుట్టలే గదా సార్?"

కాయల సొసైటీ గోడౌను ఖాళీగా ఉండె.
తలుపు తీస్తే ఇంగా విత్తనాల వాసనే.
సున్నం కొట్టినారు.
బల్ల, తూకం, మందుల పెట్టె, చిన్న ఫ్రిజ్జు
కుందుర్పి నుంచి నేనే మోసుకొచ్చినా.
నా ఆటో జన్మలో మొదటిసారి
నొప్పి లేకుండా, పల్లె దిక్కు.
బాడుగ అడగలే. అడగకపోతే పాపం తీరుతాదని కాదు.
నా రూటును నేనే పూడ్చుకుంటాండానని తెలిసీ.

మంగళవారం.
షమీమ్ సిస్టరు ఒక్క బుక్కు తెరిచింది.
తిప్పక్క పేరు ఒక్కసారే రాసింది.
దాని కిందనే చక్కెర, దాని కిందనే దగ్గు, కన్ను, మోకాళ్లు,
రాత్రిపూట ఏడుపు కూడా.
చదువు రాని వేలితో ఆ పేజీని పైనుంచి కిందికి తడిమి
"ఇదంతా నేనేనా?" అనింది తిప్పక్క.
"అంతా నువ్వే."
"అబ్బ, శానా ఉండాను గదా!"

బోరునీళ్లు మారలే.
కరెంటు పోతే ఇన్సులిన్ను
తడిగుడ్డ చుట్టిన కుండలోకి పోతాది.
డాక్టరు నెలకు రెండుసార్లని చెప్పి ఒకసారి వస్తాడు.
అయినా మూడు సంచులూ ఒక సంచి అయినాయి.
మిగిలిన రెండింట్లో తిప్పక్క కందులు పోసి పెట్టింది.

నిన్న, బాడుగల్లేక గోడౌను గోడకు ఆనుకోని నిలబడింటే
సిస్టరు పిలిచి నా చేతికి పట్టీ చుట్టింది.
గాలి ఎక్కింది, దిగింది.
నూటడెబ్బై అనింది.
ఇరవై ఏండ్ల అలవాటు, నోట్లోంచి జారిపాయె:
"ఏ ఊరికి పోవల్ల సిస్టర్?"

"యాడికీ వద్దు.
కూచ్చో."